ఎన్ని అడుగులు

ఆటోనగర్‌లో పన్నెండున్నర ఎండ.
పక్క షెడ్డులో లారీ తొట్టి మీద సుత్తి
దెబ్బకో అంకె చొప్పున నా లెక్క చెదరగొడుతోంది.
సంచీ అడుగున, ఉల్లిపాయల కింద, రెండు లక్షల పదివేలు.
నోట్లో మాత్రం లక్షా అరవై.

"రెండువేల పదిహేడు ఈకో, ఒకే చెయ్యి తిరిగింది.
డాక్టరు గారిదమ్మా,
శనివారం గుడికి తప్ప బయటికి తియ్యలేదు"
అంటాడు పూర్ణయ్య.
ఇతని షెడ్డులో బళ్ళన్నీ డాక్టర్లవే.
బెజవాడలో ఇంతమంది ఉండీ
జ్వరమొస్తే మా వీధికి ఒక్కడూ దొరకడేం?
పైకి అన్లేదు.

ఇమ్మానియేలు బానెట్‌లో తల దూర్చి పావుగంటైంది.
అతని కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.
కాళ్ళని బట్టి ఏమీ తెలీడం లేదు.

"రెండు యాభై."
"లక్షా అరవై."
"ఆ రేటుకి స్టీరింగూ రెండు టైర్లూ ఇస్తాను,
మిగతా దూరం నడిచి వెళ్ళండి."
"ఇడ్లీలమ్మే దాన్ని పూర్ణయ్య గారూ.
పిండిలో నీళ్ళెన్నో గరిట ఎత్తితే తెలుస్తుంది.
మాటలో తెలీవా?"
నవ్వి, టీ చెప్పాడు.
టీ తాగితే సగం బేరం తెగినట్టే.
నా కప్పు మీద మీగడ కట్టేదాకా ముట్టలేదు.

లోపల కూచుని సీటుబెల్టు లాగాను,
చివరిదాకా, ఇంక రానంటున్నా లాగాను.
ఎవరూ లాగని ఆఖరి జానెడులో
చారు మరక లాంటి గీత.
అద్దానికి వేలాడే మల్లె సెంటు సీసాని దాటుకుని
ఆ వాసన.

దాన్ని నేనెరుగుదును.
బుడమేరు వెళ్తూ వెళ్తూ
మా గ్రైండరులో వదిలిపోయింది దాన్నే.
మూడు వాయిలు మినప్పప్పు రుబ్బి కాలవలో పోశాను.
నాలుగో వాయి అమ్మేశాను.
ఎవరూ ఏమీ అనలేదు.

"ఇది నీళ్ళలో ఉంది."

సుత్తి ఆగలేదు.
పూర్ణయ్య నన్ను చూడకుండా టైరుని చూశాడు.
"మీదెక్కడమ్మా?"
"పాయకాపురం."
"ఎన్ని అడుగులు?"
"ఆరు."
"మాది రాజరాజేశ్వరీపేట. ఏడున్నర."
"మాకూ వెనక గదిలో ఆరున్నర దాకా వచ్చింది."
"ఎన్నాళ్ళు?"
"అయిదు రోజులు."
"మాకు తొమ్మిది."
ఇంక నేను పెంచలేకపోయాను.

"పడవకెంత ఇచ్చారు?"
"వాడు మూడువేలన్నాడు, మూడువేలూ ఇచ్చాను."
"మీరా! బేరమాడలేదా?"
"బాబు భుజం మీదున్నాడు.
ఏం ఆడతాను."

ఇమ్మానియేలు తల బయటికొచ్చింది,
ముక్కు మీద గ్రీజుతో.
"ఇంజను పర్లేదక్కా. వైరింగంతా పీకెయ్యాలి."
"ఎంత?"
"ముప్పై అవుద్ది."

"లక్షా డెబ్భై అయిదు" అన్నాడు పూర్ణయ్య,
అడక్కుండానే, తన కప్పులోకి చూస్తూ.
"మరి డాక్టరు గారు?"
"ఎవరూ లేరమ్మా. వేలంలో పన్నెండు పాడాను.
స్టార్టయింది ఇదొక్కటే."

ఉల్లిపాయలు పక్కన పెట్టి లెక్కపెట్టాను.
సంచిలో మిగిలిన ముప్పై అయిదు వేల గురించి
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

తాళాలిచ్చి, సెంటు సీసా విప్పబోయాడు.
"ఇడ్లీలు మోసే బండి కదా, ఇదెందుకు లెండి."
"ఉండనీండి" అన్నాను.

బుడమేరు వంతెన మీద ఏసీ తిప్పితే
గాలికంటే ముందు
చిటికెడు ఒండ్రు వచ్చి ఒళ్ళో పడింది.
దులుపుకోలేదు.
కొత్తగా నేర్చుకున్న దాన్ని,
రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.