నలభై ఏడో పిన్ను

పెన్ డ్రైవ్ ఇస్తే గుమాస్తా దాన్ని
చచ్చిన బొద్దింకని మీసం పట్టి ఎత్తినట్టు ఎత్తి
"సీడీ కావాలమ్మా, సీడీ. రెండు కాపీలు" అన్నాడు.

మహారాణిపేటలో కోర్టు గోడవార
గొడుగు కింద నా టైపు బల్ల.
పదిహేనేళ్ల లాప్‌టాప్.
"ఎన్" మీట అరిగి బోడిగుండయింది,
వేలికి మాత్రం దాని ఇల్లు తెలుసు.

మసేనమ్మ చేపల బండిని కాంట్రాక్టరు లారీ
వెనక్కొచ్చి నలిపేసిన నలభై మూడు సెకన్లు
ఆవిడ మేనల్లుడి ఫోన్లో ఉన్నాయి.
ఫోన్లో ఉన్నంతకాలం
అవి జరగనట్టే లెక్క.

నా పాత డ్రైవుని ఉప్పుగాలి తినేసింది.
దాబాగార్డెన్స్‌లో ఖలీల్ భాయ్
ఇడ్లీ రేకుల్లా పేర్చిన దొంతర్లోంచి ఒకటి లాగి
ఉఫ్‌మని ఊది
"సేమ్ టు సేమ్ మేడమ్" అన్నాడు. నాలుగొందల యాభై.
మూతి మాత్రం సేమ్ కాదు.
పాతదాని మూతి పీకి దీనికి తగిలించాను.
కాస్త ఎత్తుపళ్లు.
పోనీలే, దీనికేం పెళ్లిచూపులా!

రాత్రి తొమ్మిదింటికి స్విచ్ వేశాను.
నల్లటి తెర,
మూల ఒక తెల్లగీత కన్ను కొడుతూ.
డ్రైవు తీస్తే లాప్‌టాప్ లేస్తుంది,
పెడితే పడుకుంటుంది.
తీసి, పెట్టి, మళ్లీ తీసి
నువ్వుగింజంత స్క్రూ మంచం కిందికి దొర్లితే
చీపురుతో ఊడ్చి, దుమ్ములో వెతికి
ఖలీల్‌కి ఫోన్ చేశాను.

"అది తనే మాస్టర్ననుకుంటంది మేడమ్.
మీ దాంట్లో హార్డ్ డిస్కు ముందే మాస్టరు.
ఒక్క తీగ మీద ఇద్దరు మాస్టర్లు కూకోరు.
యాభై పిన్నుల్లో నలభై ఏడోది మూసెయ్యండి, తగ్గుద్ది."

నవ్వొచ్చింది.
ఇరవై రెండేళ్లలో
ఒకే గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు
నేనంటే నేనని కొట్టుకున్న అఫిడవిట్లు
ఎన్ని టైపు చేశానో.
ఒక్కడికైనా మూసేందుకు పిన్నుందా?

ఒక వరస బేసి, ఒక వరస సరి.
పిన్నీసు మొనతో లెక్కపెట్టాను.
ఒకటి, మూడు, అయిదు...
ఇరవై తొమ్మిది దగ్గర
హార్బర్లో ఏదో ఓడ గొంతు సవరించుకుంది.
లెక్క పోయింది.
మళ్లీ ఒకటి, మూడు.

లిఖిత గోళ్లరంగు సీసా, పగడం రంగు.
అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క.
ఆరేదాకా ఊదుతూ కూచున్నాను.
చిన్నప్పుడైనా నా గోళ్లకి
ఇంత ఓపిక చూపించలేదు.

లేచింది!
రెండూ కనబడ్డాయి, హార్డ్ డిస్కు పైన,
డ్రైవు కింద, బుద్ధిగా.

మొదటి సీడీ తొంభై ఒకటో శాతం దగ్గర
గర్రుమని ఊపిరి వదిలేసింది.
ఆత్రం నాది. వేగం తగ్గించి
నాలుక్కి పెట్టాను.
ఫ్యాను గాలి కూడా తగలకుండా
బల్లని గోడకి జరిపాను, ఎందుకో.
మొత్తానికి ఒంటిగంటకి రెండు కాపీలూ చేతిలో ఉన్నాయి,
అప్పుడే దించిన అట్టులా వెచ్చగా.

పొద్దున్న మసేనమ్మ ఒకటి అరచేతిలో పెట్టుకుని
తూకం చూసింది.
"ఇందల నా బండున్నాదేటి?"
"ఉంది."
"వంజరాలో?"
"అవీ ఉన్నాయి. మూడు రోడ్డు మీద పడటం కనబడుతుంది."
"మూడు కాదమ్మా, అయిదు."

గుమాస్తా సీడీల్ని కవర్లో పెట్టి, దారం కట్టి
లక్క వేశాడు.
ఎప్పుడు చూస్తారని అడిగాను.
"ముందు నంబరు పడనియ్యండి."

పాడైన సీడీ పారేస్తుంటే
మసేనమ్మ చెయ్యి చాపింది.
ఇప్పుడు జాలారిపేట మలుపులో
ఆవిడ కొత్త తట్ట మీద
కర్రకి కట్టి ఉంది.
గాలికి గిర్రున తిరుగుతూ
ఎండని ముక్కలు ముక్కలుగా విసురుతుంది.

కోర్టు సంగతి తెలీదు గానీ
కాకులు మాత్రం
దాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి.