చీటీలో ఆఖరి మందు

పెద్దాసుపత్రి డాక్టరమ్మ
మూడు మందులు రాసి, నాలుగో వరసలో
"నడక, రోజుకి అరగంట" అని రాసింది.
"రోజంతా మిషను తొక్కుతూనే ఉంటానమ్మా" అన్నాను.
"ఆ తొక్కుడు ఎక్కడికీ తీసుకెళ్ళదు కదా" అంది.

మందుల షాపు కూర్మారావు కళ్ళజోడు పైకి తోసి
"మూడూ ఉన్నాయండి,
నాలుగోది ఎవరికి వాళ్ళే నూరుకోవాలి" అన్నాడు.
అక్కడ నవ్వాలని తెలుసు.
నవ్వు రాలేదు.

అప్పటికి ఎనిమిది నెలలు.
ఫలానా కారణం అని చూపించడానికేమీ లేదు.
ఎవరూ పోలేదు, ఏదీ కాలిపోలేదు.
బాబిన్లో దారం అయిపోయినా తెలియక
గజం గుడ్డ కుట్టుకుంటూ పోయేదాన్ని.
చివర పట్టి లాగితే
పైదారం మొత్తం ఊడి చేతికొచ్చేది.
కన్నాలు మాత్రం వరసగా, చక్కగా ఉండేవి.

ఎవరి జాకెట్టు చంక బిగుతైనా
నా గొంతు బిగుసుకునేది.
కొలతలివ్వడానికొచ్చిన కాలేజీ పిల్ల మీద అరిచి
ఆ పిల్ల వెళ్ళాక కత్తెర పట్టుకుని ఏడ్చాను.

మొదటి రోజు పాత వంతెన మీద
మూడో దీపస్తంభం దాకా వెళ్ళాను.
ఎండాకాలం నాగావళి
ఇసకలో ఎవరో పారేసిన రిబ్బను ముక్క.
ఆయాసం. ఒక చెప్పు తెగింది.
టేపు మెడలోనే ఉండిపోయిందని
పాలబండి అబ్బాయి చూసి నవ్వాక తెలిసింది.

రెండో రోజు వెళ్ళలేదు.
మూడో రోజూ.
నాలుగో రోజు చీటీ చూస్తే జాలేసింది,
నా మీద కాదు, పాపం ఆ చీటీ మీద.

ఐదో స్తంభం.
ఐదే మళ్ళీ.
వాన పడ్డ రోజు సున్నా.
తొమ్మిదో స్తంభం దగ్గర తవిటమ్మ ఎదురైంది,
అవతలొడ్డు నుంచి వంకాయల తట్టతో.

"ఏటమ్మా, పొద్దున్నే ఎక్కడికి?"
"ఎక్కడికీ లేదు. ఊరికే, ఒంటికి మంచిదని."
తట్ట కింద నుంచే నన్ను ఎగాదిగా చూసింది.
"ఓలమ్మా! నలబై యేళ్ళై నడస్తన్నాను,
నాకేటి మంచి అవనేదు, మోకాళ్ళరిగిపోనాయి.
నీది మందు నడక, నాది కూలి నడక.
ఓ పని సెయ్యి, ఈ తట్ట సగం దూరం నువ్వు మొయ్యి,
నీ మందు నీకవుద్ది, నా మోకాలు నాకవుద్ది."

ఇంకెవరన్నా అయితే కోపమొచ్చేది.
చుట్టకుదురు నెత్తిన పెట్టించుకున్నాను.
నాలుగు స్తంభాలు దాటేసరికి
మెడ ఇనుమైంది, చెమట కళ్ళలోకి దిగింది.
ఒక వంకాయ దొర్లి రోడ్డు మీద పడితే
ఇద్దరం దాని వెనక పరిగెత్తాం.
అప్పుడొచ్చింది నవ్వు,
కూర్మారావు కౌంటరు దగ్గర బాకీ పడ్డది,
వడ్డీతో సహా.

ఏదో మాయ జరిగిందని చెప్పను.
మందులు వాడుతున్నాను, రెండు తగ్గాయి, ఒకటి ఉంది.
కొన్ని పొద్దులు ఇప్పటికీ
మంచం నన్ను దిండు గలీబులా తనలోకి లాక్కుంటుంది.
కానీ రాత్రి పదింటికి నిద్ర
తలుపు తట్టకుండా వచ్చేస్తోంది.
ఆకలి తన టైముకి తను అడుగుతోంది.
కాజాపట్టీ వంకర పోతే
విప్పి మళ్ళీ కుడుతున్నాను, అంతే.
కాలేజీ పిల్ల మళ్ళీ వచ్చింది.
దానికి చంక అరంగుళం వదులుగానే వదిలాను.

వరదొచ్చి వంతెన మూసేసిన వారం
ఇంట్లోనే మిషను చుట్టూ తిరిగాను.
ఎన్ని చుట్లో లెక్క తప్పింది.
కింద నాగావళి అప్పుడు రిబ్బను కాదు,
తాను తాను విప్పేసిన ఎర్రటి గుడ్డ.

నీళ్ళు తీశాక, మొన్న సోమవారం,
ఆఖరి స్తంభం ముట్టుకుని వెనక్కి తిరిగాను.
తవిటమ్మ రాలేదు.
మోకాలికి చూపించుకోడానికి వెళ్ళిందట,
అదే డాక్టరమ్మ దగ్గరికి.

నాలుగో వరసలో తనకేం రాసిందో
రేపు అడగాలి.