ఖాళీ బరువు

హోల్‌బీచ్ దాటాక రోడ్డుకు వంపులుండవు.
సముద్రం దగ్గర గుంజుకున్న నేల గనక
గీత గీసినట్టు పడుకుని ఉంటుంది.
దాని చివర మా పార్కు.
పార్కంటే ఊయలలూ బాతులూ కావు,
తొమ్మిది రేకుల షెడ్లు, రెండు పొగగొట్టాలు,
గేటు పక్కన నా కాటా గది.

ప్రతి లారీ నన్ను దాటి రెండుసార్లు పోవాలి,
నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి.
రెంటికీ మధ్య తేడాయే పంట.
పదకొండేళ్ళుగా నేను చేసే లెక్క ఇదొక్కటే:
తీసివేత.

తెల్లారి నాలుగింటికి దుంపలొస్తాయి,
టైర్ల నుంచి బురద పెచ్చులు రాలుస్తూ.
ఆ మట్టికీ బరువుంది, రైతుకు మాత్రం డబ్బు లేదు.
"నా పొలం రోజూ కాస్త నీకు దానం చేసి పోతున్నా"
అంటాడు సిరిల్ థొరాల్డ్.
రోజూ అదే మాట. రోజూ నవ్వుతాను.

ఒకటో షెడ్డులో దుంప చిప్స్ అవుతుంది.
తొక్క మూడో షెడ్డుకు పోయి కుళ్ళి గ్యాసవుతుంది.
ఆ గ్యాసు బాయిలరుకు మంట,
బాయిలరు ఆవిరి గొట్టమెక్కి రోడ్డు దాటి
బఠాణీలు ఉడికించేవాళ్ళకు పొయ్యి.
కడిగిన నీళ్ళలో తేరిన గంజి
అట్టపెట్టెలవాడికి జిగురు.
వెనకటికి పొద్దున్నే పిడక పట్టుకుని
పక్కింటికి నిప్పుకు పోయేదట మా అమ్మమ్మ.
ఇక్కడి పిడకకు మీటరుంది,
పదిహేనేళ్ళ ఒప్పందముంది, లాయరున్నాడు.
అయినా నిప్పు నిప్పే.

ప్రారంభం నాడు కౌన్సిలు నుంచి వచ్చినాయన
ప్రాంతీయాభివృద్ధి అనే మాట ఏడుసార్లన్నాడు.
లెక్కపెట్టడం నా ఉద్యోగం గనక లెక్కపెట్టాను.
అదెలా ఉంటుందో తర్వాత చూశాను.
పొద్దున్న అయిదింటికి వచ్చే బస్సులా ఉంటుంది.
మూతపడ్డ చేపల కొట్టులో
నల్ల రొట్టెలమ్మే లిథువేనియా అంగడిలా,
బడిలో కొత్తగా తెరిచిన రెండో సెక్షన్‌లా.
అద్దె పెరిగి, కుర్చీలన్నీ ట్రాక్టరుకెత్తి
కట్ట అవతలికి పోయిన స్క్రిమ్‌షా కుటుంబంలా కూడా.

మొన్న ఫిబ్రవరిలో
గోదాముల్లో దుంప కుళ్ళింది.
ఒకటో షెడ్డు ఆగింది.
కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ
ఇక్కడ దుంపకు తెగులొస్తే
ముందు గోక్కునేది కత్తిపీటే.
తొక్క లేక గ్యాసు లేదు,
గ్యాసు లేక ఆవిరి లేదు,
నానబెట్టిన బఠాణీలు తొట్లలోనే
మొలకలెత్తాయి, ఎవరో విత్తినట్టు.
అయిదింటి బస్సు మాత్రం వేళకొచ్చింది
డ్రైవరొక్కడితో.

మూడో నాడు రసా నడిచొచ్చింది.
తొక్కల బెల్టు మీద పనిచేసే మనిషి,
పనిలేని చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియక
కోటు జేబుల్లోకి తోసి, తీసి, మళ్ళీ తోసి
"నన్ను తూచు" అంది.
అరవై టన్నుల కాటా నడుమ
గాలికి ఒరుగుతూ నిలబడింది.
ఇరవైల్లో తప్ప లెక్కరాని యంత్రం
అరవై కిలోలంది.
"యాభై ఎనిమిదే!" కోపంగా అరిచింది రసా.
ఆ రెండు కిలోలు ఎవరివో
మా ఇద్దరికీ తెలియలేదు.

చీటీ కొట్టాను.
బండి నంబరు: లేదు.
సరుకు అన్నచోట కాసేపు ఆగి
దుంపలు కావు, అని రాశాను.
ఖాళీ బరువు గడి అలాగే వదిలేశాను.
చీటీ మడిచి టోపీలో పెట్టుకుని
కట్ట మీదుగా ఇంటికి పోయింది,
చాలాసేపు కనిపిస్తూనే.
చెప్పాను కదా, ఈ నేలకు వంపులుండవు.

తొమ్మిది రోజుల తర్వాత, చీకట్లో,
మొదటి లారీ కాటా ఎక్కింది.
గది అద్దం వణికింది.
కిటికీ దించి సిరిల్ నోరు తెరిచాడు.
అతనింకా అననేలేదు,
నేను నవ్వేశాను.