సెకండాఫ్ తాలు

వదినా, ముందు నీ కాలు సంగతి చెప్పు.
కట్టు లోపల దురదపెడితే
అల్లిక సూది దూర్చకు, నా మాట విను.
మా యార్డులో ఒకావిడ అలాగే గోక్కుని
మళ్ళీ పెద్దాసుపత్రిలో పడింది.

ఇక్కడంతా మామూలే.
గ్యాస్ బండ నిన్న వచ్చింది.
మోసుకొచ్చిన కుర్రాడు ముప్పై అడిగితే
ఇరవై ఇచ్చి మజ్జిగ పోశాను.
కుళాయి రోజు మార్చి రోజు.
మీ అన్నయ్య ఆటోకి కొత్త సీటు కవర్లు వేయించాడు,
పాతది నాకిచ్చాడు
తొడాలు తీసేప్పుడు కింద పరుచుకోమని.
పెళ్ళిరోజు కానుక అదేనట.

మొన్న ఆదివారం ప్రార్థన అవగానే
మస్తాన్‌బీ, నేను మ్యాటనీకి పోయాం.
(పాస్టరమ్మకి చెప్పకు.)
లాడ్జి సెంటర్లో దిగి, ఎండకి కొంగులేసుకుని నడిచాం.
నువ్వు చూద్దామన్నావే,
గోడల నిండా ఎర్ర పోస్టరు, కత్తి పట్టుకున్నాయన,
అదే సినిమా.

హీరో మన యార్డుకొస్తాడు.
మన యార్డంటే మన యార్డు కాదులే,
ఎక్కడో కట్టుకున్న యార్డు.
టిక్కీ మీద తేజ అని రాసి లోపల బ్యాడిగ పోశారు,
ముడతలు చూస్తే తెలీదా మనకి?
ఆ పిల్ల పట్టుచీర కట్టి
కాయల కుప్ప మీద దొర్లుతుంది వదినా,
దొర్లుతుంది!
ఒక్క తుమ్ము లేదు.
కాటుక చెదరలేదు.
"నీళ్ళు పోసుకునేప్పుడు తెలుస్తుందిలే తల్లీ"
అంది మస్తాన్‌బీ, గట్టిగానే.
వెనక వరసంతా ఘొల్లుమంది.
సగం మంది మనవాళ్ళే,
చీకట్లో దగ్గులు విని పోల్చుకున్నాను.

తర్వాత విలన్ కోల్డ్ స్టోరేజీ తగలబెడతాడు.
అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.
తాలింపులో ఒక్క కాయ మాడితే
పక్కింటివాళ్ళు తలుపులేసుకుంటారు,
ఆ పొగలోంచి హీరో తాపీగా నడిచొచ్చి
ఇంత పొడుగు డైలాగు చెప్తాడు.

ఫస్టాఫ్ తేజ, సెకండాఫ్ తాలు. అంతే నా లెక్క.
ఉన్నమాట చెప్పొద్దూ,
ఏసీ చల్లగా తగిలేసరికి మధ్యలో నిద్రపోయాను.
తెల్లారుజామున నాలుగింటికి లేచే ఒళ్ళు కదా.
ఆ అరగంటా ఎంత బాగుందో!
టికెట్టు డబ్బులు దానికిచ్చాననుకున్నా.
లేచేసరికి హీరో తల్లి చచ్చిపోతోంది.
నేనూ ఏడ్చాను,
కానీ నిద్రమత్తులో చేత్తో కళ్ళు నులుముకున్నాను ముందే,
ఏ నీళ్ళు సినిమావో, ఏవి కాయవో
చెప్పలేను.

ఇంకోటి చూశాను, ఇది ఇంట్లోనే.
కెజియా ఫోనులో పెట్టింది, మలయాళందట,
మాటలు మాత్రం తెలుగు.
ఒక ముసలాయన పడవకి రంగేస్తాడు.
అదే కథ.
ఫైటు లేదు, కామెడీ లేదు, చుట్టాలు కూడా లేరు.
పది నిమిషాలకే మీ అన్నయ్య
"ఇదేం సినిమా, పెయింటు కంపెనీ వాళ్ళు తీశారా" అని
బయటికెళ్ళి మంచం వాల్చుకున్నాడు.
నేను లేవలేకపోయాను.
కుంచె డబ్బా అంచుకి రెండుసార్లు తుడిచి
అప్పుడు ముంచేదాన్ని చెక్కకి ఆనిస్తాడు,
ప్రతిసారీ రెండే సార్లు.
కెమెరా ఆయన చేతిని వదిలితేనా!

బాగుందా అంటే ఏమో.
మర్నాడు యార్డులో కూర్చుని
కాయ తీసి, తొడం గిల్లి, ఇటు వేసి,
కాయ తీసి, తొడం గిల్లి, ఇటు వేసి,
ఉన్నట్టుండి నా చేతులు నాకే కనిపించాయి.
ఎంతసేపు చూశానో.
"ఏందే, ముల్లు దిగిందా" అంది మస్తాన్‌బీ.
లేదన్నాను.
ఆ రోజు రెండు కిలోలు తక్కువైంది.

ఎర్ర సినిమా నీ కట్టు విప్పేలోపు టీవీలో వచ్చేస్తుంది,
డబ్బులు దండగ చేసుకోకు.
వచ్చే ఆదివారం కెజియా ఫోను పట్టుకొస్తాను,
చార్జరు కూడా.
దిండు కింద కాలు పెట్టుకుని, ఛ, కాలు కింద దిండు పెట్టుకుని
పడవ సినిమా చూద్దువుగాని.
మధ్యలో నిద్రొస్తే నిద్రపో, లేపను.
నువ్వు లేచేసరికి కూడా
ఆయన రంగేస్తూనే ఉంటాడు.