కుట్లు

మొదటి సంచికి ఏడు గుండీలు పెట్టాను,
నడుముకు వెడల్పాటి బెల్టు ఒకటి.
చిత్తూరు పెద్దాసుపత్రి, పసిబిడ్డల వార్డు.
బరువు చాలకుండా పుట్టినవాళ్ళు
తల్లి రొమ్ము మీదే రాత్రీ పగలూ పెరగాలని
నేను కుట్టిన నీలం సంచి.
డాక్టరమ్మ మెచ్చుకుంది. ఫొటో తీశారు.

మూడో రోజుకు అన్నీ మంచాల కిందే ఉన్నాయి.
ఒకదాన్లో ఫ్లాస్కు, ఇంకోదాన్లో బన్ను రొట్టె.

"చెప్పినా వినరు వీళ్ళు" అంది నర్సు.
నిజం చెప్పాలంటే, నేనూ అదే అనుకున్నాను.

ఆ రాత్రి పుస్తకం మూసి
పదకొండో మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాను.
మొగిలేశ్వరి. పలమనేరు మార్కెట్లో టమాటాలు ఏరే మనిషి.
కూతురు పదమూడు వందల యాభై గ్రాములు.
"తూకంలో మొగ్గుకు మేమేసే కాయలంతే మే" అని నవ్వింది,
నవ్వితే కడుపులో కలుక్కుమని పెదవి కరుచుకుంది.

ఏమీ అడగలేదు. చూశాను.
దోమ వాలితే కొట్టడానికి చెయ్యి లేదు.
సాంబారన్నం కలపడానికి చెయ్యి లేదు.
వార్డు తలుపు కిర్రుమన్నప్పుడల్లా
పైట కోసం తడుముకునే చెయ్యి ఒక్కటే ఉంది.
గుండీలేమో వీపు వైపు.
రాత్రి రెండింటికి ఆ వీపు వెనక ఎవరుంటారు?

తెల్లారుజామున ఆయా కుప్పమ్మ
దుప్పటి సర్దుతూ చీర కొంచెం జరిపింది:
"ఈడ జూడు మే, నీ బెల్టు యాడ పడతా ఉండాదో."

కోత మీద.
పచ్చిగా, నల్లదారంతో,
నా గుండీల కంటే ఎక్కువ కుట్లు.

గదికెళ్ళి నా బొమ్మ తీశాను.
అందులో బిడ్డకు గోళ్ళు కూడా గీసి ఉన్నాయి.
తల్లి, చుక్కల గీత.

తర్వాతివి కుప్పమ్మే కత్తిరించింది,
ఉతికి ఉతికి మెత్తబడ్డ నగరి నూలు.
భుజం మీద ఒక్క ముడి, ఒంటిచేత్తో పడేది.
ఒకటి జారింది. ఒకటి చెమటకు ఒరుసుకుంది.
ఐదోదాన్ని పద్నాలుగో మంచం అత్తగారు
"మగోళ్ళకు ఒప్పదా ఇది?" అని కొడుక్కే కట్టేసింది.
గంటసేపు కదల్లేదతను,
ఊపిరి కూడా భయంభయంగా తీశాడు.
ఆ కొలత అప్పటిదాకా నా దగ్గర లేదు.

ఎనిమిదోది మొగిలేశ్వరి విప్పలేదు.

ఇంటికి పంపే రోజుకు కూతురు
పద్దెనిమిది వందల ఇరవై.
గుడ్డ తిరిగివ్వాలి, లెక్క ఉంది.
ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు.
మెట్ల దగ్గర మాత్రం వెనక్కి తిరిగింది:
"అంతా బాగుండాది గానీ మే,
సెల్లు యాడ పెట్టుకోవాల?
ఒక జేబు కుట్టుంటే నీ సొమ్మేం పోయ?"