ఎరేటర్ రిపేరు

చెరువు నీళ్ల టెస్టు యాభై రూపాయలు.
మేడంతో నలభై ఐదు నిమిషాలు తొమ్మిది వందలు.
అంటే పద్దెనిమిది సీసాలు.
ఆకివీడు నుంచి ఉప్పుటేరు గట్టుదాకా
పద్దెనిమిది చెరువులు తిరిగి నీళ్లు ముంచుకొస్తే
ఒక గురువారం నా మాట నేను మాట్లాడుకోవచ్చు.

లెక్క తెలిసినవాణ్ణే.
అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత, ఆక్సిజన్ ఎంత,
చుక్క మందు పడగానే నీరు తిరిగే రంగును బట్టి
ఈ రాత్రి రొయ్య బతుకుతుందో లేదో చెప్పేవాణ్ణి.
గుబ్బల సత్తిరాజు గారి ఎనిమిదెకరాలకి మాత్రం
"పర్లేదండి, రేపు చూద్దాం" అన్నాను.

రేపు తెల్లగా తేలింది.
వలలతో లాగుతుంటే చప్పుడే లేదు.
ఆయన నన్నేమీ అనలేదు. అదే.
ఇప్పుడు ఉండి సెంటర్లో ఆటో నడుపుతున్నాడు,
కనపడితే హారన్ కొట్టి, "టీ తాగావా?" అంటాడు.

అప్పట్నుంచి రాత్రి రెండింటికి
నా ఛాతీలో ఎవరో కరెంటు తీసేస్తారు.
భీమవరంలో ఈసీజీ తీశారు. బాగుందన్నారు.
బాగుందన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని
బస్టాండులో బెంచీ పట్టుకుని ఊపిరి వెతుక్కున్నాను.

యాప్‌లో ఫారం ఇంగ్లీషులో ఉంది.
బోలెడు గళ్లు. ఏ గడిలోనూ గాబరా లేదు.
"గుండెల్లో పిచ్చిక దూరింది" అనేది మా అమ్మ, అదీ లేదు.
భాష: తెలుగు అని నొక్కితే
నూట ముప్పై మందిలో నలుగురు మిగిలారు.
ఆ నలుగురిలో రాత్రి ఎనిమిదింటికి ఖాళీ ఉన్నావిడ ఒక్కరు,
విశాఖపట్నం, హైమవతి గారు.
ముందు డబ్బు, తర్వాత మాట.
చివుక్కుమంది. మళ్లీ తమాయించుకున్నాను:
నేను మాత్రం యాభై చేతిలో పడ్డాకే కదా చీటీ రాసేది.

పంపేటప్పుడు ఫోను అడుగుతుంది: దేనికి?
చిన్న గడి. ఖాళీగానూ వదలొచ్చు.
రాత్రిపూట నా ఫోను చూసి
పుస్తకంలో పద్దు రాసేది అనంతలక్ష్మి.
"ఎరేటర్ రిపేరు" అని కొట్టాను.

ఇంట్లో సిగ్నల్ రాదు. వచ్చినా గోడలు పల్చన.
ఫీడు బస్తాల షెడ్డులో కూర్చుంటాను, చేప పొడి వాసనలో.
బయట ఎరేటర్లు నీళ్లని చిలుకుతుంటే
నా ఏడుపు ఎవరికీ వినపడదు.
ఆవిడక్కూడా వినపడక
"ఇంకోసారి చెబుతారా?" అంటారు.
ఏడుపుని ఇంకోసారి ఎలా చెబుతామండీ.

"మీరు ప్రతిదానికీ ఆయ్ అంటున్నారు" అన్నారు మూడో వారం.
"ఆయ్" అన్నాను.
ఆవిడ నవ్వలేదు. నేనే నవ్వాను,
నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో తెగింది.
"సత్తిరాజు గారి చెరువు మీ ఒక్కరి వల్లే పోయిందా?"
ఆయ్ అనబోయాను.
నోట్లోనే ఉండిపోయింది, మింగుడు పడదు, బయటికి రాదు.
పదకొండు నిమిషాలు.
రెండు వందల ఇరవై రూపాయల మౌనం.
ఖరీదే గానీ, అంత మౌనం నాకింతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఈ నెల వైరస్సు. రైతులు ముందే పట్టేశారు.
ఏడే సీసాలొచ్చాయి.
ఏడు సీసాలకి పదిహేడున్నర నిమిషాలు.
అలా ముక్క కోసి ఇవ్వరు.
"ఈ వారం కుదరదండి" అని కొట్టి
పంపకుండా చేత్తో పట్టుకు కూర్చున్నాను.

ఫోను మోగింది.
అనంతలక్ష్మి నుంచి తొమ్మిది వందలు.
చీటీ డబ్బులో, కోడిగుడ్లవో.
దేనికి అన్న చిన్న గడిలో
"ఎరేటరుకి" అని ఉంది.

కింద ఇంకో మెసేజీ:
ఇంకా ఎన్నాళ్లు పడుతుందంట?

తెలీదు, అని కొట్టాను.
ఆయ్ కాని మాట, మా ఇంట్లో, అదే మొదలు.
షెడ్డులో బల్బు చుట్టూ పురుగులు.
ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలుంది.