మూడు పేజీలు

బంగారుపాళెం స్టేషన్ ఎదురుగా, టీకొట్టు బెంచీ మీద
దొరసామి రాసిపెట్టినాడు:
"సమాచార అధికారి గారికి..."
పది రూపాయల కోర్టు స్టాంపు
నా ఎంగిలితోనే అంటించినా.
కింద ఏలిముద్ర కాదు,
వంకరటింకరగా నా పేరు.

ఏం కాయితం కావాలమ్మా, అంటే
పోయిన కాయల సీజన్లో
గుజ్జు ఫ్యాక్టరీలో
కన్నెమ్మ చెయ్యి మిషన్లోకి పోయిన రాత్రి
నేను చెప్పినా, మీరు రాసుకున్నారే,
అది.

"చెప్పింది నువ్వే గదా, మళ్ళా నీకెందుకు?"
రైటరు నవ్వినాడు.
తేదీ లేదన్నాడు, నెంబరు లేదన్నాడు,
చిత్తూరికి పొమ్మన్నాడు.

దొరసామి ఇంకో తెల్లకాయితం తీసినాడు.
ఈతూరి రిజిస్టర్ పోస్టు.
రసీదు రవికెలో దోపుకుంటే
చెమటకి సగం అచ్చు పోయింది.

ఇరవైతొమ్మిదో నాడు జాబొచ్చింది:
పేజీకి రెండు రూపాయలు,
మూడు పేజీలకి ఆరు కట్టి తీసుకుపోవాలంట.

ఆరు రూపాయలు ఉండాయి, కడతా.
మూడు పేజీలెట్లయినాయి సామీ?
ఆ రాత్రి నా నోట్లోంచి వచ్చింది
ఒకటే మాట:
ఆపమని అరిచినా,
ఎవురూ ఆపలా.